ప్యాలెస్ చాయ్ సరే, ఇంటి చాయ్ లెక్క చూశారా?

సోమవారం ఓపీలో ఒకాయన తప్పు చేసిన పిల్లాడిలా నా ముందు కూర్చున్నాడు. బోధన్ దగ్గరి పల్లె, యాభై అయిదేళ్లుంటాయి, చెరకు రైతు. పరగడుపు షుగర్ 212. నేను అడగకముందే "నిన్న మనుమరాలి పుట్టినరోజు ఉండె సార్. కేకు ముక్క తిన్న. దానికే పెరిగింది" అన్నాడు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు కూడా ఆయన చేతిలోనే ఉంది. అది 9.8. ఆదివారం తిన్న కేకు మూడు నెలలు వెనక్కి నడిచి వెళ్లి సగటును పెంచదు కదా. "రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతరు?" అని అడిగాను. "ఉత్త చాయే సార్, దాంతోని ఏం తినను" అన్నాడు. ఎన్ని అని మళ్లీ అడిగితే వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. పొద్దున లేవంగనే ఒకటి, పొలం పోయేముందు ఒకటి, బస్టాండ్ హోటల్ కాడ ఒకటి... ఆరు దగ్గర ఆగాడు.

ఉత్త చాయ్! నా డాక్టరీలో ఇన్నేళ్లుగా రోగుల నోట ఎక్కువసార్లు విన్న మాట ఇదేనేమో. కేకు, జిలేబీ, పెళ్లి భోజనంలో డబుల్ కా మీఠా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వాటిని తిన్నందుకు జనం బాధపడతారు, డాక్టర్ దగ్గర ఒప్పుకుంటారు, రెండు రోజులు పస్తుంటారు. చాయ్ మాత్రం ఏ లెక్కలోకీ రాదు. నాకు కూడా ఆ లెక్క గట్టిగా తగిలింది ఆసుపత్రిలో కాదు, హైదరాబాద్‌లో ఒక ప్యాలెస్‌లో చాయ్ తాగిన రోజున.

మా అమ్మకు డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంగా ఫలక్‌నుమాలో హై టీకి పోదామని మా అమ్మాయి పట్టుబట్టింది. రేటు విన్నాక ఆ డబ్బుతో ఎన్ని నెలల పాల బిల్లు కట్టొచ్చో మనసులో లెక్కవేశాను. మా ఆవిడ నా మొహం చూసి "లెక్కలు చాలు, బుక్ చెయ్యండి" అంది. మొత్తానికి నిజామాబాద్‌లో పొద్దున బయలుదేరి, దారిలో తేలిగ్గా భోజనం చేసి, సాయంత్రానికి ఆ గుట్ట ఎక్కాం.

చరిత్ర కొంచెం చెప్పాలి. పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి కట్టుకున్న భవనం అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. 2010లో తాజ్ వాళ్ల హోటల్‌గా తెరుచుకుంది. మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఆకలికి ఆగలేక చాయ్, చిరుతిళ్లు తెప్పించుకునే అలవాటును 1840ల ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మొదలుపెట్టిందని చెప్తారు. దొరల ఆ ముచ్చట పేరు 'ఆఫ్టర్‌నూన్ టీ'. 'హై టీ' అంటే అక్కడ వేరే: పనివాళ్లు సాయంత్రం ఇంటికి చేరి, బల్ల దగ్గర కూర్చుని చాయ్‌తో పాటు కడుపు నిండా తినే తిండి. మన హోటళ్లు దొరల తిండికి కూలీల పేరు పెట్టాయి. ఆ లెక్కన, షిఫ్టు దిగి వచ్చి మా బాపు చాయ్‌తో పాటు జొన్నరొట్టె తినేవాడే, అసలు హై టీ అది.

మూడంతస్తుల పళ్లెం వచ్చింది. సాండ్‌విచ్‌లు, స్కోన్లు, వాటికి మీగడ, జామ్, చిన్న చిన్న కేకులు. అమ్మ వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఆమె చూపంతా చాయ్ మీదే. కెటిల్‌లో డికాక్షన్ వేరు, పాలు వేరు, చక్కెర వేరు. వడ్డించే అబ్బాయి వంగి "షుగర్ ఎంత వేయమంటారమ్మా?" అని అడిగాడు.

అమ్మ జవాబు చెప్పలేదు. నా వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది: "నన్నెవరూ అడగలే గీ మాట ఇన్నేండ్లల్ల."

యాభై ఏళ్లు చాయ్ కాచిన మనిషి ఆమె. అందరికీ ఒకే గిన్నెలో, ఒకే తీపితో. ఆ తీపి ఎంతుండాలో నిర్ణయించింది ఆమె కాదు. మా బాపు, ఆయన కోసం వచ్చే చుట్టాలు, ఫ్యాక్టరీ దోస్తులు. బాపు బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. శక్కర్‌నగర్ క్వార్టర్లలో నా చిన్నతనం గడిచింది. ఊరి పేరులోనే చక్కెర. మంజీర మీద నిజాంసాగర్ కట్టి, కాలువ నీళ్లతో చెరకు పండించి, 1937లో పెట్టిన ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు గర్వంగా చెప్పుకునేవాళ్లం. 2015 డిసెంబర్‌లో మూతపడింది. క్రషింగ్ సీజన్‌లో గాలి కూడా తియ్యగా ఉండేది. ఇంటికొచ్చిన వాళ్లకు చక్కెర తక్కువైన చాయ్ ఇవ్వడమంటే ఆ ఊళ్లో ఇజ్జత్ పోయినట్టే. "శక్కర్‌నగర్ల ఉండి శక్కరకు కరువా?" అని నవ్వేవాళ్లు. అందుకే అమ్మ ఒక చెంచా ఎక్కువే వేసేది.

బాపుకు నలభై ఎనిమిదో ఏట షుగర్ బయటపడింది. ఆయన మిఠాయి మానేశాడు. పండగ నాడు పాయసం కూడా ముట్టలేదు. చాయ్ మానలేదు. అది 'ఉత్త చాయ్' కదా. కొడుకు ఎండీ చదివి వచ్చేసరికి తండ్రి కిడ్నీలు దెబ్బతిన్నాయి. చివరి రెండేళ్లు డయాలసిస్. కిడ్నీలు పాడవడానికి చాయ్ ఒక్కటే కారణమని నేను చెప్పను. బీపీ ఉంది, మందులు సరిగా వేసుకోని ఏళ్లున్నాయి. కానీ రోజూ వెళ్లి కూర్చుని చూసే ఇంట్లో, మా నాయిన చాయ్‌లో చక్కెర ఎంత పడుతోందో ఒక్కనాడూ కొలవని డాక్టర్ని నేను. ఆ సంగతి ఫలక్‌నుమాలో ఆ బల్ల దగ్గర గుర్తుకొచ్చింది.

ఇప్పుడు మా అమ్మకూ షుగర్ ఉంది. ఆ రోజు ఆమె ఒక చక్కెర బిళ్ల వేసుకుని, కలిపి, తాగి చూసి "చాలు" అంది. రెండోది వేసుకోలేదు.

ఇక లెక్కకు వద్దాం. మనం రోజూ వాడే చాయ్ చెంచాతో ఒక చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు అయిదు కప్పులు అంటే 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదేమిటంటే, పైనుంచి కలుపుకునే చక్కెర మన మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, అయిదు శాతం లోపు ఉంటే ఇంకా మేలు. ఆ అయిదు శాతం పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు. అంటే చాయ్‌తోనే దానికి రెట్టింపు పూర్తయిపోతుంది. బిస్కెట్, రస్క్, కూల్‌డ్రింక్ ఇంకా మొదలే కాలేదు.

ప్యాలెస్ చాయ్‌లో ఎంత? నా అంచనా ప్రకారం, జామ్, కేకులు, స్కోన్లు కలిపి మొహమాటం లేకుండా తింటే 60, 70 గ్రాముల చక్కెర ఉండొచ్చు. మైదా వేరే. తక్కువేమీ కాదు. కానీ అది ఏడాదికి ఒకసారి, చాలామందికి జీవితంలో ఒకసారి. ఇంటి చాయ్ వారానికి 350 గ్రాములు. ఏడాదికి 18 కిలోలు.

బోధన్ రైతుకు ఈ లెక్కే చెరకులో చెప్పాను. ఆయనవి ఆరు చాయ్‌లు, రోజుకు 60 గ్రాములు, ఏడాదికి దాదాపు 22 కిలోలు. టన్ను చెరకు ఆడిస్తే ఇంచుమించు క్వింటాలు చక్కెర వస్తుంది. "అంటే రెండు క్వింటాళ్ల పైన చెరకు మీరు ఒక్కరే చాయ్‌ల తాగుతున్నరు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఫ్యాక్టరీకి తోలిన బండ్లు గుర్తొచ్చాయో ఏమో, చాలాసేపు మాట్లాడలేదు.

మీ ఇంటి లెక్క మీరే చూసుకోవచ్చు. నెలకు చాయ్ కోసం ఎన్ని కిలోల చక్కెర తెస్తున్నారు, ఎంతమంది తాగుతున్నారు? నలుగురున్న ఇంట్లో 5 కిలోలు అయిపోతుంటే మనిషికి రోజుకు 40 గ్రాముల పైమాటే. బెల్లం చాయ్ తాగుతున్నాం కదా అనేవాళ్లు కూడా ఈ లెక్క చూసుకోవాలి. బెల్లంలో ఎక్కువ భాగం అదే చక్కెర, రంగు మారిందంతే.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే చెప్పింది. ఇందులో మన ఇళ్ల వాళ్లు ఎంతమందో మీకే తెలుసు. పూర్తిగా చాయ్ మానమని నేను చెప్పను. చెప్పినా వినరు. నేను కూడా మానను. నేను అడిగేది ఒక్కటే: చక్కెరను గిన్నెలోంచి బయటికి తీయండి. చాయ్ చక్కెర లేకుండా కాచి, డబ్బా, చెంచా పక్కన పెట్టండి. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు. గిన్నెలో పడిన చక్కెర ఎవరి లెక్కలోకీ రాదు. చేత్తో వేసుకున్న చెంచా కనపడుతుంది. రెండు చెంచాల వాళ్లు ఒక్కసారిగా సున్నాకు దిగితే వారంలో మళ్లీ మొదటికే వస్తారు. పదిహేను రోజులకు పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుకకు పెద్దగా తెలియదు. తర్వాత పాత తీపే వెగటుగా ఉంటుంది.

ఆడవాళ్లకు మరో మాట. రాష్ట్రంలో సగం మందికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. పొద్దున ఏమీ తినకుండా రెండు చాయ్‌లతో పదకొండు దాకా పని చేసి, తినగానే మళ్లీ చాయ్ తాగేవాళ్లు ఓపీలో రోజూ కనిపిస్తారు. చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ తాగొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఐరన్ మాత్రను చాయ్‌తో మింగడమైతే మాత్రను సింకులో వేసినట్టే.

మీరూ ఎప్పుడైనా ఇంటిల్లిపాదీ అలాంటి హోటల్‌కు వెళ్తే, షుగర్ ఉన్న పెద్దవాళ్లను "నువ్వు తినొద్దు" అని అందరి ముందు అనకండి. ముందుగా ఉప్పువి తిననివ్వండి, తియ్యటి వాటిలో నచ్చినది ఒకటి ఎంచుకోనివ్వండి, తర్వాత ఆ తోటలో కాసేపు నడిపించండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సాయంత్రం తినాలని మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టడం, లేదా తిన్నామని మర్నాడు పస్తుండటం చేయొద్దు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అవి వేసుకుని పస్తుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. పెళ్లి విందు తర్వాతి రోజు పస్తుండి, చెమటలు పట్టి, మాట తడబడుతూ మా క్యాజువాలిటీకి వచ్చినవాళ్లను చూశాను. పక్షవాతం అనుకుని తీసుకొచ్చారు. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నారు.

ఫలక్‌నుమా నుంచి వచ్చిన మర్నాటి నుంచి మా ఇంట్లో చక్కెర డబ్బా ట్రేలోకి వచ్చింది. అమ్మ మందులు మార్చలేదు. ఆర్నెల్ల తర్వాత ఆమె హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 7.6కు దిగింది. ఒక్క మనిషి రిపోర్టు రుజువు కాదని నాకూ తెలుసు. అయినా ఆ కాగితం పడేయలేదు.

మొన్న ఎదురింటామె వచ్చింది. అమ్మ కప్పు, పక్కన డబ్బా పెట్టింది. "ఏందక్కా, నేనే కలుపుకోవాల్నా?" అంది ఆమె, కొంచెం చిన్నబుచ్చుకుని.

"ప్యాలెస్‌ల గిట్లనే ఇస్తరు" అంది అమ్మ.

ఆమె రెండు చెంచాల నిండా వేసుకుని, మూడోది తీసి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ డబ్బాలోనే వేసింది.