నొప్పి మందు ఏదైనా కిడ్నీ పరీక్ష ముందు

ఉద్దానంలో నొప్పి మాత్ర మింగడం మంచినీళ్లు తాగినంత మామూలైపోయింది. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవారికి నడుము నొప్పి, రోజంతా కూర్చుని జీడిపిక్కలు కొట్టే ఆడవారికి మోకాళ్ల నొప్పి. సాయంత్రం మెడికల్ షాపులో రెండు బిళ్లలు, లేదంటే ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది. అవి పడనివారు ఆయుర్వేదం వైపు మళ్లుతున్నారు. రెంటిలో ఏది మేలన్న చర్చ ఎక్కడైనా ఉన్నదే. కానీ కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వారు ముందుగా అడగవలసింది వేరు: ఈ మందును తన కిడ్నీలు తట్టుకోగలవా?

ఇక్కడి కిడ్నీ జబ్బుకు మూలం ఇంకా తేలలేదు. తాగే నీరు, ఎండలో పని, నొప్పి మాత్రలు అన్నింటి మీదా అనుమానం ఉంది. ఏదీ రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మూలం ఏదైనా కానీ, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కిడ్నీలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గిన కూలీకి ఆ దెబ్బ రెట్టింపు. జబ్బు మొదలైన చాలాకాలం వరకు మనిషికి ఏమీ తెలియదు కూడా.

మరి ఆయుర్వేదం? దాన్ని తీసిపారేయడానికి లేదు. మోకాళ్ల అరుగుదల ఉన్న 440 మందిపై మన దేశంలో జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. శొంఠి, తిప్పతీగ వంటి మూలికల మందులు ఆరు నెలల్లో ఇంగ్లీషు మాత్ర సెలెకాక్సిబ్‌తో సమానంగా నొప్పి తగ్గించాయి. అయితే కొందరికి రక్త పరీక్షలో కాలేయం తేడా కనిపించింది. మూలికలకు దోషమే ఉండదన్న నమ్మకం చెల్లదన్నమాట.

పేర్లు దగ్గరగా ఉన్నా మందులన్నీ ఒకటి కావు. యోగరాజ గుగ్గులు వేరు, మహాయోగరాజ గుగ్గులు వేరు. రెండోదానిలో సీసం, పాదరసంతో చేసిన భస్మాలు ఉంటాయి. కిడ్నీ దెబ్బతిన్నవారు వైద్యుడు చెప్పకుండా దాని జోలికి పోరాదు. సంతల్లో అమ్మే పేరులేని పొట్లాలది మరో కథ. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. కొన్నాళ్లకు ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. దాన్ని ఆయుర్వేదం అనడం ఆయుర్వేదానికే అన్యాయం. అసలైన మందు సీసాపై అందులోని పదార్థాలు, లైసెన్సు నంబరు ముద్రించి ఉంటాయి.

కడుపులోకి పోని వైద్యం దగ్గర రెండు పద్ధతులూ కలుస్తున్నాయి. తైలం మర్దన, వావిలాకు కాచిన నీళ్ల కాపడం పెద్దల నాటివే. అరిగిన మోకాలికి పైపూత మందు, తొడ కండరాలకు వ్యాయామం ముందు చూడాలని ఇంగ్లీషు వైద్యులూ చెబుతున్నారు. వీటితో కిడ్నీలకు భారం బహు తక్కువ.

కీళ్లవాతం సంగతి మాత్రం వేరు. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు గంటసేపు బిగుసుకుని, వాచి ఉంటే అది అరుగుదల కాదు. మెథోట్రెక్సేట్ వంటి మందు ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. ఆ మందు మోతాదును కూడా కిడ్నీల స్థితిని బట్టే నిర్ణయిస్తారు. కాబట్టి ఆయుర్వేద వైద్యుడి దగ్గరకు వెళ్లినా, పెద్దాసుపత్రికి వెళ్లినా, క్రియాటినిన్ పరీక్ష చీటీ, వాడుతున్న మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్లాలి.