ప్రమోషన్ వద్దన్న పోలీసు!

ప్రమోషన్ ఎవరికి చేదు? భుజమ్మీద నక్షత్రం పెరిగితే జీతం పెరుగుతుంది, మాటకు విలువ పెరుగుతుంది, ఎదురొచ్చినవాళ్లు సెల్యూట్ కొడతారు. కంప్యూటర్ ఆటల్లోనూ అదే వరస. పాయింట్లు కొట్టాలి, లెవెల్ పెంచుకోవాలి, పై మెట్టెక్కాలి. ఆటగాణ్ని గంటలకొద్దీ కుర్చీలోంచి లేవనివ్వని మంత్రం అదే మరి.

పోలీసు ఆటలకైతే ఈ మెట్లు అతికినట్టు సరిపోతాయి. 2011లో వచ్చిన 'ఎల్.ఎ. న్వార్' సంగతే చూడండి. 1947 నాటి లాస్ ఏంజెలెస్‌లో కోల్ ఫెల్ప్స్ అనే యువకుడు గస్తీ పోలీసుగా మొదలవుతాడు. కేసులు ఛేదించేకొద్దీ ట్రాఫిక్ విభాగానికి, అక్కణ్నుంచి హత్యల విభాగానికి, ఆపైన మత్తుమందుల కేసులు చూసే విభాగానికి ఎదుగుతాడు. ఆధారం దొరికితే పాయింట్లు, సాక్షిని సరిగ్గా ప్రశ్నిస్తే పాయింట్లు. అవి పోగైతే ఆటగాడి ర్యాంకు పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, సొంత కాపురంలో చేసిన తప్పు బయటపడి ఫెల్ప్స్ ఒక్కసారిగా కింద పడతాడు. నిప్పంటించిన కేసులు చూసే విభాగానికి అతన్ని పంపేస్తారు. ఆటగాడి ర్యాంకు మాత్రం పెరుగుతూనే ఉంటుంది!

ఈ ర్యాంకుల లెక్కనే తిరగేసిన ఆట 'డిస్కో ఎలీసియం'. ఎస్టోనియా రచయిత రాబర్ట్ కుర్విట్జ్, అతని మిత్రులు కలిసి తయారుచేసిన రోల్ ప్లేయింగ్ గేమ్ ఇది. అంటే, ఓ పాత్రలోకి మనమే పరకాయప్రవేశం చేసి కథ నడపాలన్నమాట. 2019లో విడుదలై, ఆ ఏడాది 'ద గేమ్ అవార్డ్స్'లో నాలుగు బహుమతులు కొట్టేసింది. కథ జరిగే రెవషాల్ నగరం, అక్కడి పోలీసు దళం... అన్నీ కల్పితాలే.

కథానాయకుడు హ్యారీ పోలీసు డిటెక్టివ్. పీకలదాకా తాగి, హోటల్ గదిని చిందరవందర చేసి, తన పేరుతో సహా అన్నీ మర్చిపోయి నిద్రలేస్తాడు. బ్యాడ్జీ లేదు, తుపాకీ లేదు. హోటల్ వెనక చెట్టుకు వారం రోజులుగా ఓ శవం వేలాడుతోంది. ఆ హత్య ఎవరు చేశారో తేల్చడానికే అతను అక్కడికొచ్చాడు. ఆ సంగతీ అతనికి గుర్తులేదు!

ఇంతకీ అతని హోదా లెఫ్టినెంట్ డబుల్ యెఫ్రేటర్. రష్యా సైన్యంలో యెఫ్రేటర్ అంటే మామూలు సిపాయికి ఒక్క మెట్టు పైవాడు. ఈ ఆటలో ఆ మాటకు అర్థమే మార్చేశారు. ప్రమోషన్ ఇస్తామన్నా వద్దన్న అధికారి హోదాకు అది తోక. డబుల్ అంటే రెండుసార్లు వద్దన్నాడని!

మరి ఆటగాడు ఎదిగేదెలా? ఇక్కడా పాయింట్లున్నాయి. వంద పోగైతే ఏదో ఒక నైపుణ్యాన్ని పెంచుకోవచ్చు. తర్కం, సానుభూతి, అధికారం, తోటి పోలీసుల మనసు పసిగట్టే నేర్పు... ఇలాంటివి మొత్తం 24. ఒక్కోటీ హ్యారీ బుర్రలో ఒక్కో గొంతై సలహాలు చెబుతుంటుంది. కష్టమైన పని తలపెడితే రెండు పాచికలు పడతాయి. వచ్చిన అంకెకు నైపుణ్యాన్ని కలిపి ఫలితం తేలుస్తారు. రెండూ ఆరు పడితే ఎంతటి పనైనా అయినట్టే. రెండూ ఒకటి పడితే ఎంత నేర్పరైనా చిత్తే. ఎన్ని పాయింట్లు కొట్టినా హ్యారీ హోదా మాత్రం ఇసుమంతైనా మారదు. పైగా నైపుణ్యం మరీ పెరిగినా ముప్పే. 'అధికారం' గొంతు పెద్దదైతే, అయినదానికీ కానిదానికీ ఎదుటివాడు తలవంచాల్సిందేనని పోరుపెడుతుంది.

ఇక లెఫ్టినెంట్ గారి దర్జా చూడాలి. హోటల్ బాకీ కట్టడానికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. వీధుల్లో ఖాళీ సీసాలు ఏరి అమ్ముకోవచ్చు. బ్యాడ్జీ పోయిందని రేడియోలో స్టేషన్‌కి చెబితే అవతలివాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆ పేటలో రేవు కార్మికుల సంఘం చెప్పిందే చట్టం. అలాంటిచోట భుజమ్మీది గుర్తులు ఏం పనిచేస్తాయి?

పనిచేసేది మనిషి తీరు. వేరే స్టేషన్ నుంచి వచ్చిన లెఫ్టినెంట్ కిమ్ కిత్సురాగి నోటుపుస్తకం పట్టుకుని హ్యారీ వెంటే ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు, అన్నీ గమనిస్తాడు. పని శ్రద్ధగా చేస్తే, సాక్షుల్ని కించపరచకుండా ఉంటే అతని గౌరవం దక్కుతుంది. అది ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో తెరమీద అంకెల్లో కనిపించదు. కిమ్ మాటతీరును బట్టి తెలుసుకోవాల్సిందే.

హంతకుడి సంగతి అలా ఉంచితే, అసలు పరీక్ష చివర్లో ఉంది. హ్యారీ సొంత స్టేషన్ సహోద్యోగులు వచ్చి అతన్ని ఎదురుగా నిలబెడతారు. మళ్లీ చేర్చుకోవాలా, వద్దా? కేసు తేల్చాడా, మళ్లీ సీసా పట్టాడా, పోలీసుల పరువు తీశాడా... అన్నీ లెక్కకొస్తాయి. కిమ్ పక్కనుంటే అతని మాటకూ విలువుంటుంది. పోగేసిన పాయింట్ల గురించి ఒక్కరూ అడగరు.

తాగుడు, మత్తుమందులు, ఆత్మహత్య ప్రస్తావనలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది పెద్దల ఆట, పిల్లలకు కాదు. ఉద్యోగం చేసే పెద్దలకు మాత్రం ఇందులో తెలిసిన మొహాలే కనిపిస్తాయి. మెట్టు ఎక్కించేది పైఅధికారే కావచ్చు. ఆ మెట్టుకు తగినవాడా, కాదా అన్నది పక్కన పనిచేసినవాళ్లకే తెలుస్తుంది!