క్లాసిక్కా, డామినారా?

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి తీసుకుందాం అనగానే మన హాస్టల్ రెండు పార్టీలైపోతుంది: క్లాసిక్ 350, డామినార్ 400. నా ఓటు క్లాసిక్‌కే. 2019 తర్వాతి డామినార్‌ది 40 పీఎస్, క్లాసిక్‌ది అందులో సగమే, ఒప్పుకుంటా. కానీ డామినార్ ఇంజన్ 373 సీసీ. 350 దాటిందంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏడాదికి రూ.1,366 పోయి రూ.2,804 అవుతుంది, పైన జీఎస్టీ. (థ్రిల్ మనది, బిల్లు నాన్నది!)

పాత క్లాసిక్ 80 దాటితే వణుకుతుందని ఎగతాళి చేస్తారు. వణకనీ, ఆ మాత్రం భయం మనకి ఉండాల్సిందే.

ఏదైనా సరే, 2019 ఏప్రిల్ తర్వాత తయారైన బండే చూడండి. 125 సీసీ పైబడిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది అప్పుడే. వానలో ముందున్న లారీ ఠక్కున ఆగితే కాపాడేది అదే, పీఎస్‌లు కాదు. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే మాత్రం, ఎన్ఓసీ చూశాకే డబ్బులివ్వండి.