పని చూడని పది నిమిషాలు

ప్లేస్‌మెంట్ సీజన్ ముగిశాక అనంతపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా వినిపించే మాట ఒకటే: "పిల్లలకు సబ్జెక్టు ఉంది సార్, కమ్యూనికేషనే లేదు." కంపెనీ హెచ్‌ఆర్ ఆ మాట అంటాడు, ప్రిన్సిపాల్ తలూపుతాడు, పిల్లల తల్లిదండ్రులు నమ్మేస్తారు. నెల తిరక్కుండానే కుర్రాడు స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో ఫీజు కట్టి "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్"కి జవాబు బట్టీ పడుతుంటాడు. ఆ తీర్పు చెప్పిన ఇంటర్వ్యూ ఎంత నమ్మదగిందని మాత్రం ఎవరూ అడగరు. అడిగి చూస్తే, లోపం కుర్రాడి నోట్లో కంటే ఆ గదిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

స్నేహితుడి టై కట్టుకున్న కుర్రాడు కుర్చీ అంచున కూర్చుంటాడు. హాబీలేమిటని అడుగుతారు. "రీడింగ్ బుక్స్, లిజనింగ్ మ్యూజిక్" అంటాడు. నీ బలహీనత ఏమిటంటారు. సెంటర్లో నేర్పిందే అప్పజెబుతాడు: పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదట. నిజానికి అతనికి నిద్ర పట్టనిది త్రీఫేజ్ కరెంటు కోసం. అది ఏ రాత్రి వచ్చినా తోటకు పోయి మోటారు వేసేది అతనే. స్టార్టర్ పట్టుకోకపోతే ఏ ఫేజు పోయిందో చూసేది, డ్రిప్పు పైపుల్లో ఉప్పు పేరుకుంటే విప్పి కడిగేది, బ్యాంకులో నాయన పంటరుణం కాగితాలు నింపేది కూడా అతనే. ఏడాది వాన సగటు 550 మిల్లీమీటర్లు, అదైనా అదునుకు పడని జిల్లా ఇది. చెనక్కాయ సేద్యం చేసే ఇంట్లో పెరిగినవాడికి ఉన్నదాంతో లెక్క తేల్చడం కొత్తగా నేర్పక్కర్లేదు. ఇందులో ఒక్క ముక్కా ఆ పది నిమిషాల్లో బయటికి రాదు. అడిగితే కదా!

హెచ్‌ఆర్ రౌండు, టెక్నికల్ రౌండు, గ్రూప్ డిస్కషన్, నిమిషంపాటు ఆగకుండా మాట్లాడమనే 'జామ్', ఫోన్ ఇంటర్వ్యూ, వాకిన్. పేర్లెన్ని ఉన్నా అసలు రకాలు రెండే. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసిపెట్టుకున్న కొలతతో మార్కులు వేసేది ఒకటి. నోటికొచ్చింది అడిగి, మనసుకు నచ్చినవాణ్ణి తీసుకునేది రెండోది. మన కాలేజీలకు వచ్చే హెచ్‌ఆర్ రౌండ్లలో ఎక్కువ భాగం రెండో రకమే. "మనిషిని చూడగానే చెప్పేస్తాను" అని గొప్పలు పోయేవాళ్లు ఉండేదీ ఇక్కడే.

వాళ్ల గొప్పలకు ఆధారం లేదు. ఉద్యోగ ఎంపికల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలన్నిటినీ 2022లో మనస్తత్వవేత్త పాల్ శాకెట్ బృందం మళ్లీ లెక్కగట్టింది. తర్వాతి పనితీరుతో పూర్తిగా సరిపోలితే 1 అనుకుంటే, ఒకే కొలతతో చేసిన ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకు వచ్చింది 0.19. అమెరికాలో హ్యూస్టన్ మెడికల్ కాలేజీ కథ ఇంకా తమాషా. 1979లో అక్కడ ఇంటర్వ్యూలు చేసి 800 మందికి ర్యాంకులిచ్చి, మొదటి 350 మందిలోంచి 150 మందిని చేర్చుకున్నారు. తీరా సీట్లు నింపాక ఇంకో 50 మందిని తీసుకోమని రాష్ట్ర చట్టసభ ఆదేశించింది. అప్పటికి మిగిలినవాళ్లు 700 నుంచి 800 ర్యాంకుల వాళ్లే. చదువులోనూ, తర్వాత ఆసుపత్రి పనిలోనూ ఆ రెండు జట్లకూ తేడా కనబడలేదు. ఇంటర్వ్యూలో అడుగున పడ్డవాళ్లు వైద్యంలో అడుగున పడలేదన్నమాట.

ఇంత దూరం పోనక్కర్లేదు, ధర్మవరం చాలు. మగ్గం మీదికి కొత్త నేతగాణ్ణి తీసుకునేటప్పుడు షావుకారు అతని హాబీలు అడగడు. మగ్గం మీద కూర్చోబెట్టి అంచు ఎలా వస్తోందో, పట్టు ఎంత వృథా అవుతోందో చూస్తాడు. లారీ ఓనరు క్లీనర్‌కు స్టీరింగ్ ఇచ్చేముందు ఘాట్‌లో పక్కన కూర్చుంటాడు. చదువు లేని పనులకు చేయి చూసి తీసుకుంటూ, చదువుకున్న పనులకు నోరు చూసి తీసుకోవడం విచిత్రమే.

స్థానికుల ఉద్యోగాల గొడవలోనూ ఇదే జరిగింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలైన 2019లోనే, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని రాష్ట్రం చట్టం చేసింది. నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకరని అభ్యంతరాలు లేచాయి. దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోండని ఆ చట్టమే దారి చూపింది. అయినా వాదన అంతా ఎక్కడివాళ్లన్న దాని చుట్టే తిరిగింది. నైపుణ్యం లేదని తేలుస్తున్న పద్ధతి ఏమిటన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు.

అలాగని ఇంటర్వ్యూను ఎత్తేస్తే సరిపోతుందనే వాదమూ నిలవదు. ఆ వాదాన్ని పుట్టించిన పక్షపాతం భయం మాత్రం నిజమైనదే. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో మొత్తం 150 మార్కుల్లో 50 మౌఖికానికే పెట్టారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, తల్లిదండ్రులెవరు, ఊరేదని అడిగారని విద్యార్థులు కోర్టుకెక్కారు. మౌఖికానికి 15 శాతం మించి మార్కులు పెట్టడం ఏకపక్షమని అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర 2019లో రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. గ్రామ, వార్డు సచివాలయాల్లోని లక్షా 26 వేల పైచిలుకు ఉద్యోగాలను రాతపరీక్షతో నింపారు. వలంటీర్లను మండలాల్లో ఇంటర్వ్యూలు చేసి తీసుకున్నారు. అప్పటి అధికార పార్టీ వాళ్లకే దక్కాయన్న ఆరోపణ ఏ పద్ధతి మీద ఎక్కువగా వచ్చిందో వేరే చెప్పాలా?

ఏపీపీఎస్సీ ఉద్యోగాలన్నిటికీ ఇంటర్వ్యూలు రద్దు చేస్తూ 2021 జూన్‌లో జీవో వచ్చింది. 2023 ఆగస్టులో గ్రూప్-1 ఇంటర్వ్యూలు మళ్లీ జరిగాయి. తెలంగాణ 2022లో గ్రూప్-1కు, గ్రూప్-2కు తీసేసింది. ఉంచాలా తీసేయాలా అన్న ఈ ఊగిసలాటలో ఇంటర్వ్యూ ఎలా చేయాలన్న ప్రశ్నే మాయమైంది.

"మాట్లాడటం కూడా పనే కదా" అనేవాళ్లకు జవాబు సులువు. సేల్స్‌లో, కాల్ సెంటర్లో, బడిలో అది పనే, అక్కడ పరీక్షించాల్సిందే. తమాషా ఏమిటంటే, అచ్చంగా మాటతోనే బతికే ఉద్యోగంలో మనం మాట వినడం లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టుల్లో ఎక్కువవాటికి డీఎస్సీ పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఎవరూ ఒక్క పాఠమైనా చెప్పి చూపించనక్కర్లేదు. వీధి చివరి ప్రైవేటు స్కూలు మాత్రం డెమో క్లాసు లేకుండా ఎవర్నీ తీసుకోదు. కోడ్ రాయాల్సినవాడు గడగడా మాట్లాడాలి, పాఠం చెప్పాల్సినవాడు కంప్యూటర్లో జవాబులు క్లిక్ చేస్తే చాలు!

చేయగల పని పెద్దదేమీ కాదు. 1950ల్లో ఇజ్రాయెల్ సైన్యంలో కుర్ర లెఫ్టినెంటుగా ఉన్న మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆరు గుణాలు రాసిచ్చాడు. ఒక్కోదానికి ఏమేం అడగాలో చెప్పి, మార్కు వేశాకే తర్వాతిదానికి వెళ్లమన్నాడు. మమ్మల్ని మరమనుషులను చేస్తున్నావని వాళ్లు గొణిగారు. ఎంపికలు మాత్రం మెరుగయ్యాయి. అనంతపురం ప్లేస్‌మెంట్ సెల్స్ కంపెనీకి తేదీ ఇచ్చేముందే మూడు సంగతులు రాతపూర్వకంగా అడగొచ్చు: పని ఏమిటి, అందులో ఏ ముక్కను అభ్యర్థి చేత చేయించి చూస్తారు, మార్కులు దేనికెన్ని. టెక్నికల్ రౌండులో తెలుగులో జవాబు చెప్తామంటే ఒప్పుకుంటారా అన్నది నాలుగోది. ఒప్పుకోమంటే, ఆ ఉద్యోగంలో ఇంగ్లిష్ ఎక్కడ అవసరమో వాళ్లనే చెప్పమనాలి.