ఎత్తు తగ్గించారా.. లెక్క తప్పొద్దు!

కరీంనగర్‌/ఆదిలాబాద్‌: కారు నేలకు ఆనుకున్నట్లు కనిపించాలి, మలుపులో ఒరగకూడదు. ఈ మోజుతో కంపెనీ అమర్చిన స్ప్రింగులు, షాకబ్జర్లను తీసేసి, ఎత్తు సర్దుకునే వీలున్న ‘కాయిలోవర్‌’ సస్పెన్షన్‌ బిగించుకోవడం యువతను ఆకట్టుకుంటోంది. ఆన్‌లైన్‌లో కొంటే సామగ్రి మారుమూల పట్టణానికీ చేరుతుంది. అయితే బిగించడం ఒక ఎత్తు, సరిగా సర్దడం మరో ఎత్తు. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

దారులు ఒప్పుకుంటాయా?

రాజీవ్‌ రహదారి, నిర్మల్‌ మీదుగా ఆదిలాబాద్‌ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలవి. అక్కడ కారు సాఫీగానే సాగుతుంది. పల్లె దారిలోకి మళ్లితే గుంతలు, ఉట్నూరు-ఆసిఫాబాద్‌ మార్గంలో కెరమెరి ఘాట్‌ మలుపులు ఎదురవుతాయి. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకర్‌ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఊళ్లలో వేసినవన్నీ ఈ కొలతకు లోబడి ఉండవు. నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న కారును 4 సెంటీమీటర్లు దించితే మిగిలేది 13. నలుగురు కూర్చుంటే అదీ తగ్గుతుంది. ఇంజిన్‌ అడుగున ఆయిల్‌ చాంబర్‌కు దెబ్బ తగిలితే కారు దారిలోనే ఆగిపోతుంది.

వరుస తప్పితే టైర్లకు చేటు

ఎత్తు మారగానే చక్రాల కోణాలూ మారతాయి. చక్రం పైభాగం లోపలికి వాలితే టైరు లోపలి అంచు అరుగుతుంది. చక్రాల ముందుభాగాలు లోపలికో, బయటికో తిరిగి ఉంటే టైరు రోడ్డును రాసుకుంటూ సాగుతుంది. వానలో అరిగిన టైరుకు పట్టు తక్కువ, బ్రేకు వేసినా కారు జారుతుంది. ముందు, వెనుక ఎత్తుల్లో తేడా వస్తే హెడ్‌లైట్ల దిశ మారి ఎదుటివారి కళ్లు చెదురుతాయి.

అందుకే పనికి ఒక వరుస ఉంది. నాలుగు టైర్లలో గాలి సరిచూసి, కారును చదునైన నేలపై నిలపాలి. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు వైపులా కొలవాలి. కుడి ఎడమలు సమానంగా ఉంచి, రింగులు బిగించి, కొంత దూరం నడిపి మళ్లీ కొలవాలి. ఆ తరువాతే వీల్‌ అలైన్‌మెంట్‌. అందులోనూ వాలు ముందు, చక్రాల దిశ చివర సరిచేయాలి. వాలు మారితే దిశ కూడా మారడమే కారణం. చాలా చిన్న కార్లలో వెనుక చక్రాల కోణం సర్దే వీలుండదు. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి పరీక్ష తప్పనిసరి.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టంలో చేరిన 182ఎ సెక్షన్‌ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సామగ్రి కొనేముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. కారు అందం కంటే అందులో ప్రయాణించే కుటుంబం ప్రాణం విలువైనది.