విందుకు రండి... ఈసారి నిజంగానే!

పండగపూట విందుకు పిలిచారు. పాత పగలన్నీ మరచిపోదాం రమ్మన్నారు. పిలిచినవాడు నార్మన్‌ దొర విలియమ్‌ డి బ్రోజ్‌. వచ్చినవాళ్లు చుట్టుపక్కల కొండల్లోని వెల్ష్‌ నాయకులు. విందుకెళ్లేవాళ్లు ఆయుధాలు గుమ్మం దగ్గర వదిలేయడం ఆనవాయితీ. అలాగే వదిలేసి లోపలికెళ్లారంటారు. అంతే... తలుపులు మూసుకున్నాయి. లోపలికెళ్లిన అతిథులు ప్రాణాలతో బయటికి రాలేదు.

1175 క్రిస్మస్‌ నాటి మాట ఇది. జరిగింది వేల్స్‌లోని అబెర్‌గవెన్నీ కోటలో. ఆ తర్వాత ఏడేళ్లకు, 1182లో, చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు వచ్చి కోట మీద పడ్డారు. అప్పుడు వేసిన బాణాలు అరచేతి మందం ఓక్‌ తలుపులోంచి దూసుకుపోయాయని ఆ కాలంలోనే అటు తిరిగిన గెరాల్డ్‌ ఆఫ్‌ వేల్స్‌ రాసిపెట్టాడు.

సరిగ్గా ఆ కోటలోనే ఇప్పుడు ఏటా సెప్టెంబరులో మళ్లీ విందు! ఈసారి అతిథులు పదీ ఇరవై మంది కాదు... దాదాపు ముప్ఫైవేల మంది. ఊరి జనాభా చూస్తే పదమూడు వేలు కూడా లేదు. అంటే ఇంట్లో ఒక్కొక్కరికీ ఇద్దరు ముగ్గురు చుట్టాలు దిగినట్టన్నమాట. అదే అబెర్‌గవెన్నీ ఫుడ్‌ ఫెస్టివల్‌.

కొండల మధ్య సంత

అస్క్‌ నది ఒడ్డున ఉంటుందీ ఊరు. ఇంగ్లండ్‌ సరిహద్దు పది కిలోమీటర్లే. అందుకే దీన్ని వేల్స్‌కి గుమ్మం అంటారు. వెల్ష్‌ భాషలో ఊరి పేరు ‘అ వెన్నీ’. రాసేటప్పుడు ‘ఎఫ్‌’ రాసి పలికేటప్పుడు ‘వ’ అనడం వాళ్ల పద్ధతి. రోమన్లు ఇక్కడ కోట కట్టుకుని గోబానియమ్‌ అని పిలిచారు. కమ్మరి అనే అర్థమున్న పాత మాటలోంచి ఆ పేరు వచ్చిందంటారు.

ఏ వీధిలో నిలబడి తలెత్తినా ఏదో ఒక కొండ కనిపిస్తుంది. 596 మీటర్ల షుగర్‌ లోఫ్‌ ఒకవైపు, బ్లోరెంజ్‌ మరోవైపు. ఇంగ్లిషులో ‘ఆరెంజ్‌’కి ప్రాస కుదిరే మాట లేదని బెంగపడే కవులకు ఈ కొండే దిక్కని అక్కడివాళ్లు సరదాగా చెబుతుంటారు. మూడోది స్కిరిడ్‌. దాని పక్క భాగం విరిగి జారినట్టుంటుంది. ఏసుని శిలువ వేసిన క్షణంలోనే అది చీలిందని పాతకాలపు నమ్మకం. ఆ మట్టిని పవిత్రంగా చూసుకునేవారు.

ఊరి నడిబొడ్డున మార్కెట్‌ హాలు. 1870 నాటిది. ఆకుపచ్చ గోపురమున్న దాని గడియారం ఎంత దూరం నుంచైనా ఆనవాలు పట్టిస్తుంది. మంగళవారం మంగళవారం ఇక్కడ సంత. కూరగాయలూ జున్నూ గుడ్లూ బట్టలూ పాత సామానూ... మన సంతలో ఉండే సందడే, కాకపోతే అరుపులు తక్కువ. ఫెస్టివల్‌ రోజుల్లో మాత్రం హాలు మొత్తం తిండి దుకాణాలే. పైకప్పు నుంచి పెద్ద పెద్ద బొమ్మలు వేలాడదీస్తారు. కింద నడిచే పిల్లలు తలలు పైకెత్తి చూస్తూ ఎదుటివాళ్లని ఢీకొట్టడం మామూలే.

భయంలోంచి పుట్టిన పండగ

సంబరం వెనక ఓ విషాదముంది. అది తెలియకపోతే ఈ ఫెస్టివల్‌ సగమే అర్థమవుతుంది.

గడ్డి తినే పశువుకి మాంసం పెడితే ఏమవుతుంది? బ్రిటన్‌లో అదే చేశారు. త్వరగా పెరగాలనీ పాలెక్కువ ఇవ్వాలనీ చచ్చిన పశువుల మాంసం, ఎముకల పొడిని దాణాలో కలిపారు. దాంతో మెదడు తూట్లు పడే జబ్బు పశువుల్లో పాకింది. అదే పిచ్చి ఆవు వ్యాధి. మనుషులకేమీ కాదని మొదట్లో పెద్దలంతా ధైర్యం చెప్పారు. తీరా 1996 మార్చిలో, మనుషుల్లో కనిపిస్తున్న కొత్తరకం మెదడు జబ్బుకీ దీనికీ సంబంధం ఉండొచ్చని ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకుంది. వారం తిరిగేసరికి యూరోపియన్‌ యూనియన్‌ బ్రిటిష్‌ గొడ్డుమాంసం ఎగుమతుల్ని నిషేధించింది. 44 లక్షల పశువుల్ని చంపేశారు. ఆ జబ్బుతో బ్రిటన్‌లో 178 మంది చనిపోయారు.

తప్పెవరిది? దాణా ఎవరు తయారుచేశారో, ఎవరు అనుమతిచ్చారో కొనేవాళ్లకి తెలియదు. వాళ్లకి కనిపించేది రైతు ఒక్కడే. కొండల్లో పచ్చిక మేపుకునే రైతు సరుకైనా సరే, జనం చేయి వెనక్కి తీసుకున్నారు. అమ్మేవాడు ఎదురుగా నిలబడి ‘ఇది మా పొలంలోది, ఇలా పెంచాను’ అని చెబితే తప్ప పోయిన నమ్మకం తిరిగి రాదని ఆ ఊరి దగ్గర ఇద్దరు రైతులకి అనిపించింది. అలా 1999లో మొదలైందీ ఫెస్టివల్‌. సర్కారు పథకం కాదు, కంపెనీ ప్రచారమూ కాదు.

నిలదొక్కుకునేలోపే మరో దెబ్బ. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగింది. మన పల్లెల్లో అందరికీ తెలిసిన జబ్బే. గిట్టలు కడిగి మందు రాసి, పశువు కోలుకునేదాకా చూసుకుంటారు మనవాళ్లు. అక్కడ అలా కాదు... ఒక్క పశువుకి సోకినా మంద మొత్తాన్నీ, కొన్నిచోట్ల పక్క పొలాల మందల్నీ చంపేశారు. అరవై లక్షలకు పైగా గొర్రెలూ పశువులూ పందులూ పోయాయి. అబెర్‌గవెన్నీ పక్కనున్న బ్రెకన్‌ బీకన్స్‌ కొండలకీ ఆ సెగ తగిలింది. కొండదారులన్నీ మూసేశారు. మనిషి అడుగుతో కూడా జబ్బు పాకుతుందని భయం. ఇన్ని చూసినవాళ్లు కాబట్టే, తమ గొర్రె ఏ కొండ మీద మేసిందో అడగకపోయినా చెబుతారు ఇక్కడి అమ్మకందార్లు. విసుక్కోకుండా వినాలి.

పెనం మీద కేకు, సముద్రం నుంచి ఆకుకూర

ఇక అసలు సంగతి... తిండి!

వెల్ష్‌ కేక్‌ అంటే క్రీము పూసిన కేకు అనుకునేరు. మైదా, వెన్న, చక్కెర, గుడ్డు, చిన్న ఎండుద్రాక్ష, కాస్త మసాలాపొడి కలిపి ముద్దచేసి, బిళ్లలుగా కోసి పెనం మీద కాలుస్తారు. ఓవెన్‌ అక్కర్లేదు. ఒకప్పుడు కాల్చింది రాతి పలక మీద, ఇప్పుడు మందపాటి ఇనప పెనం మీద. వేడివేడిగా చక్కెర చల్లి చేతికిస్తే ఒకటితో ఆగేవాళ్లు ఉండరు. కొందరు వెన్న బదులు పంది కొవ్వు వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి.

బారా బ్రీత్‌ అంటే మచ్చల రొట్టె. ఎండుఫలాల్ని టీ డికాక్షన్‌లో రాత్రంతా నానబెట్టి చేస్తారు. మర్నాటికి రుచి పెరుగుతుంది. మర్నాటి రుచి అంటే ‘కౌల్‌’ని కూడా చెప్పుకోవాలి. గొర్రె మాంసం, బంగాళాదుంపలు, లీక్‌ కాడలు వేసి నిదానంగా ఉడికించే పులుసులాంటి సూపు. చేసిన రోజు కన్నా మర్నాడు వేడిచేసుకుంటేనే బాగుంటుందంటారు. చేపల పులుసు మర్నాటికి దాచుకునే ఇళ్లలో ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

కాస్త ధైర్యం కావాల్సింది లేవర్‌బ్రెడ్‌కి. పేరులో బ్రెడ్‌ ఉందిగానీ అందులో రొట్టె లేదు. సముద్రపు రాళ్లకి పట్టే ఒకరకం నాచుని ఏరి, ఇసుక పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి గంటల తరబడి ఉడికిస్తారు. నల్లగా, ఆకుపచ్చగా, ముద్దలా తయారవుతుంది. చూస్తే ఉడికించి మెదిపిన గోంగూరే! పులుపు మాత్రం ఉండదు... సముద్రం వాసన, ఉప్పదనం. ఓట్స్‌ పిండిలో దొర్లించి వేయించి, గుల్లలతో కలిపి తింటారు. జపాన్‌వాళ్లు అన్నం చుట్టే నోరి కూడా ఈ జాతి నాచే.

శాకాహారులకు గ్లమోర్గన్‌ సాసేజ్‌ ఉంది. జున్ను, సన్నగా తరిగిన లీక్‌ కాడలు, రొట్టెపొడి, కాస్త ఆవపొడి కలిపి, గుడ్డుతో ముద్దచేసి వేళ్లలా చుట్టి వేయిస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మాంసానికి రేషనుండేది కదా, అప్పుడు ఇంటింటా ఇదే. లీక్‌ దొరకకపోతే ఉల్లికాడలతో మన వంటింట్లోనూ చేసుకోవచ్చు. కట్‌లెట్‌ చేయడం వచ్చినవాళ్లకి ఇదో లెక్కలోది కాదు.

ఇక జున్నులు! ఒకప్పుడు బొగ్గు గనుల్లోకి దిగే కార్మికులు అన్నం మూటలో తీసుకెళ్లిన కేర్‌ఫిలీ దగ్గర్నుంచి లెక్కలేనన్ని రకాలు. వాటిలో ఈ ఊరి పేరే పెట్టుకున్నదొకటుంది... అ వెన్నీ. చెడ్డార్‌లో ఆవగింజలూ బీరూ కలిపి చేస్తారు. ఆవకాయ తిన్న నాలుకకి ఆ ఘాటు కొత్తేం కాదు, ఇంకాస్త వేస్తే బాగుండుననిపిస్తుంది కూడా.

పక్కఊరి జమీందారిణి

వెల్ష్‌ తిండి గురించి మాట్లాడుతూ లేడీ లానోవర్‌ని వదిలేస్తే అన్యాయం. అబెర్‌గవెన్నీకి దగ్గర్లోని లానోవర్‌ ఎస్టేటు ఆవిడది. ఆవిడ భర్త బెంజమిన్‌ హాల్‌ పేరు మీదే లండన్‌లోని బిగ్‌బెన్‌కి ఆ పేరొచ్చిందని చాలామంది నమ్మకం. పెద్దింటివాళ్లంతా వెల్ష్‌ని నామోషీగా చూసిన రోజుల్లో ఆవిడ వెల్ష్‌ భాషనీ వెల్ష్‌ బట్టల్నీ నెత్తిన పెట్టుకుంది. 1867లో వంటల పుస్తకం అచ్చేసింది. అందులో బాతుకి మూడురోజుల పాటు ఉప్పు పట్టించి, సన్నటి సెగమీద వండే వంటకముంది. దాదాపు వందేళ్ల తర్వాత, 1963లో ఈ దగ్గర్లోనే వాల్‌నట్‌ ట్రీ అనే హోటల్‌ పెట్టిన ఇటలీ వంటగాడు ఫ్రాంకో తరూషియో దాన్ని మళ్లీ బల్లమీదకి తెచ్చాడు. వెల్ష్‌వాళ్లు మరచిపోయిన వంటని గుర్తుచేయడానికి ఇటలీ నుంచి మనిషి రావాల్సొచ్చిందన్నమాట. ఎస్టేటులోని సారాయి దుకాణాలన్నీ మూయించిన ఆ పెద్దావిడ, ఇవాళ్టి ఫెస్టివల్‌లో సైడర్‌ స్టాళ్ల ముందు క్యూలు చూస్తే ఏమనేదో!

గొర్రెలు వెళ్లిపోయిన చోటు

అన్నీ బాగున్న ఊరని చెబితే అబద్ధమే అవుతుంది. మార్కెట్‌ హాలు వెనక 1863 నుంచీ పశువుల సంత నడిచేది. కొండల నుంచి గొర్రెలు దిగేవి, వేలం పాడేవారు, అమ్మిన రైతులు ఊళ్లో తిని, సరుకులు కొనుక్కుని వెళ్లేవారు. ఊళ్లో సంత ఉండి తీరాలని పంతొమ్మిదో శతాబ్దం నాటి చట్టమే ఉండేది. స్థలం సూపర్‌మార్కెట్‌కి ఇవ్వాలన్న ఆలోచన వచ్చాక ఆ చట్టాన్ని 2012లో రద్దుచేశారు. ఊళ్లో కొందరు ఏళ్లపాటు పోరాడారు. కోర్టుకీ వెళ్లారు. ఫలితం లేదు. 2013లో సంత ఊరు దాటి రాగ్లన్‌ దగ్గరికి వెళ్లిపోయింది. పాత చోట ఇప్పుడున్నది సూపర్‌మార్కెట్‌.

కొత్తచోట లారీలు తిరగడానికి వీలుంది, పశువులకీ సుఖం అనేవాళ్లున్నారు. అందులో నిజమూ ఉంది. కానీ తిండి ఎక్కణ్నుంచి వస్తోందో చూపించడానికి పండగ చేసే ఊళ్లో, ఆ తిండి నడిచొచ్చే దారి మూసుకుపోవడం మాత్రం మింగుడుపడదు. పండగ రెండురోజులు. సంత ఏడాది పొడుగునా ఉండేది.

వెళ్లాలనుకుంటే...

సాధారణంగా సెప్టెంబరు మూడోవారంలో శని, ఆదివారాలు. కరోనాతో 2020లో ఆగింది, తర్వాత మళ్లీ మొదలైంది. కార్డిఫ్‌, న్యూపోర్ట్‌లలో ఉండే తెలుగు కుటుంబాలకు రైల్లో గంట కూడా పట్టదు. లండన్‌ నుంచైతే న్యూపోర్ట్‌లో రైలు మారాలి. కారులో వెళ్తే పార్కింగ్‌ దొరకడం కష్టం. టికెట్టు కొంటే చేతికి పట్టీ కడతారు, దాంతో మార్కెట్‌ హాలుకీ కోటకీ మిగతా చోట్లకీ తిరగొచ్చు. రాత్రికి ఉండాలంటే గది నెలల ముందే చూసుకోవాలి.

తలుపు తీయగానే రుచులన్నీ చూసేయకండి. ఒక్కో స్టాలు దగ్గర ముక్కముక్క రుచి చూపిస్తారు. పది స్టాళ్లు తిరిగేసరికి కడుపు నిండిపోయి, భోజనం కొనుక్కునే ఓపిక ఉండదు. మొదట ఖాళీ సంచితో ఓ చుట్టు తిరిగి రావడం మేలు. సెప్టెంబరు ఎండని నమ్మి స్వెటర్‌ ఇంట్లో వదిలేయొద్దు.

మధ్యాహ్నం దాటాక కోటవైపు నడవండి. కూలిన గోడల మధ్య గడ్డిమైదానం, పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన వేటబంగళాలో చిన్న మ్యూజియం. ఫెస్టివల్‌ రోజుల్లో ఆ గడ్డిమీదే పిల్లలకి రొట్టెపిండి పిసకడం నేర్పుతుంటారు, పెద్దలు చుట్టూ పొట్లాలు విప్పుకుని కూర్చుంటారు. డి బ్రోజ్‌ అతిథుల్ని కూర్చోబెట్టిన హాలు ఇప్పుడు లేదు. తలుపులూ లేవు. ఎటునుంచైనా లోపలికి రావొచ్చు, తినేసి నింపాదిగా బయటికి నడవొచ్చు.