సర్వీసు అయ్యాకే బండికి నీరసం

పోయిన కార్తీకంలో బొర్రా గుహలు చూస్తానంది అమ్మ. డెబ్భై నాలుగేళ్ల మనిషి. "ఇప్పుడు కాకపోతే మరెప్పుడురా?" అంటే కాదనలేకపోయాను. ఘాట్ రోడ్డు కదా అని నాలుగు రోజుల ముందే కారు సర్వీసుకిచ్చాను. తొమ్మిదేళ్ల డీజిల్ బండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు అన్నీ మార్చారు. విశాఖ వీధుల్లో రెండు రోజులు తిప్పి చూశాను, ఏ తేడా లేదు.

ఎస్.కోట దాటి కొండెక్కడం మొదలెట్టాక తెలిసింది అసలు సంగతి. యాక్సిలరేటరు కిందికంటా తొక్కినా బండి లాగదు. మూడో గేరు నుంచి రెండుకి దించినా అంతే. అద్దంలో చూస్తే వెనకాల నల్లటి పొగ. ఒకచోట రోడ్డు తిన్నగా ఉంది కదా అని ముందున్న లారీని దాటబోయాను. సగం దాటేసరికి ఎదుటి మలుపులో బస్సు కనిపించింది. తొక్కాను, బండి కదలదే! బ్రేకేసి మళ్లీ లారీ వెనక్కి వచ్చేశాను. అమ్మ ఏమీ అనలేదు. తలుపు మీది పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. వీలైన చోట బండి తిప్పి ఇంటికి వచ్చేశాం.

సర్వీసు చేసినవాళ్లని అడిగితే "వయసైపోయింది కద్సార్" అన్నారు. ఇంకో మెకానిక్ స్కానర్ పెట్టాడు. పీ0299 అని కోడ్ వచ్చింది. "టర్బో పోయింది, నలభై వేలవుతుంది" అన్నాడు. సరేననే అనుకున్నాను. రాత్రి అన్నం దగ్గర అమ్మ అంది కదా: "కొండెక్కేటప్పుడు ఆ చప్పుడేట్రా? కుక్కరు విజిల్ వెయ్యబోయే ముందు బుస కొట్టినట్టు?"

మర్నాడు మా వీధి చివరున్న ముసలి మేస్త్రీ దగ్గరికెళ్లి ఈ మాటే చెప్పాను. ఆయన బానెట్ ఎత్తలేదు. "ముందు సర్వీసు బిల్లు చూపించండి బాబూ" అన్నాడు. చదివి, "నిన్నటిదాకా బాగున్న బండి ఇవాళ మొరాయిస్తే, మధ్యలో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో అక్కడే వెతకాలి" అన్నాడు. ఇంజిన్ ఆపించి, చల్లారనిచ్చి, ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే లావుపాటి రబ్బరు గొట్టం పట్టుకుని చూశాడు. అతుకు దగ్గర నూనె జిడ్డు. కాస్త కదిపితే గొట్టం చేతికి ఊడి వచ్చేసింది! ఆయిల్ ఫిల్టరు తీయడానికి అడ్డమని వదులు చేసి, మళ్లీ క్లాంపు బిగించడం మరిచిపోయి ఉంటారు.

జరిగిందేమిటో ఆయనే విడమరిచి చెప్పాడు. డీజిల్ బండిలో టర్బో అంటే గాలిని ఒత్తిడితో ఇంజిన్లోకి నెట్టే పంఖా. పొగ గొట్టంలోకి పోయే వేడి వాయువే దాన్ని తిప్పుతుంది. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఆ ఒత్తిడి తక్కువ కాబట్టి వదులు గొట్టం సంగతి బయటపడదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడి పెరిగి గాలి అతుకులోంచి తప్పించుకుంటుంది. అదే అమ్మ విన్న బుస. లోపలికొచ్చే గాలిని సెన్సారు మొదట్లోనే కొలుస్తుంది, దానికి తగ్గట్టు కంప్యూటరు డీజిల్ పంపిస్తుంది. దారిలో గాలి పోయింది, డీజిల్ పూర్తిగా మండలేదు, నల్లపొగ వచ్చింది. ఆ కోడ్ చెప్పింది కూడా "టర్బో ఒత్తిడి చాలడం లేదు" అని మాత్రమే. ఎందుకు చాలడం లేదో వెతకాల్సింది మనిషి. జ్వరం ఉందని థర్మామీటరు చెబుతుంది గానీ ఏ జ్వరమో చెప్పదు కదా.

కొత్త క్లాంపు వేసి బిగించడానికి పది నిమిషాలు పట్టింది.

మీ బండి కూడా సర్వీసయ్యాక నీరసిస్తే, ఖరీదైన భాగాల జోలికి పోకముందు బిల్లులో ఉన్న పనులు ఒక్కొక్కటీ సరిచూడండి. ఎయిర్ ఫిల్టరు మారిస్తే పెట్టె మూత సరిగ్గా కూర్చుందా, పక్కనున్న సెన్సారు ప్లగ్గు బిగించారా? డీజిల్ ఫిల్టరు మారిస్తే పైపులో గాలి చిక్కుకుందేమో. పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు మారిస్తే, కాయిల్ కనెక్షను ఒకటి వదులైనా ఇంజిన్ వణుకుతుంది. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే బండి లాగించకండి. బ్రేకుల పని చేయించి ఉంటే, కాసేపు నడిపి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తగలకుండా సుమా. ఒక్క చక్రమే మరీ వేడిగా ఉంటే బ్రేకు పట్టేసినట్టే. అప్పుడు ఇంజిన్ తప్పు లేకపోయినా బండి లాగదు. అన్నిటికన్నా ముఖ్యం, బండి లాగడం లేదని అనుమానం వచ్చాక ఓవర్‌టేక్ మాట మరిచిపోండి. నేను చేసిన తప్పు అదే.

కార్తీకం వెళ్లకముందే మళ్లీ బయల్దేరాం. ఆ లారీ దాటబోయిన చోటు వచ్చింది. అమ్మ అద్దం దించి కాసేపు చెవి పెట్టి విని, "బుస లేదురా, పోనీ" అంది.